ప్రేమను తీసేస్తే కథ నిలబడుతుందా?

ప్రియమైన పిల్లలకు,

మీ కథ చదివాను. గండిపేట చెరువు ఎండిపోయిన హైదరాబాదు, ఇంట్లో ఒక్కో వేలిముద్రకు ఒక్కో బిందె నీళ్లు, మధ్యలో మూసారాంబాగ్ అమ్మాయి, ఆమె కోసం ఇద్దరబ్బాయిలు. "ఇలాంటివి ఇప్పటికే బోలెడు వచ్చాయి, మాది కాపీ అంటారేమో తాతయ్యా" అని చివర రాశారు. అంటే అననివ్వండి.

పిల్లల్ని ఒకరినొకరు చంపుకునే ఆటకు పంపి, దాన్ని టీవీలో చూపించే నవల 2008లో వచ్చిన 'ది హంగర్ గేమ్స్'. దానికి గ్రీకుల థీసియస్ కథ స్ఫూర్తి అని రచయిత్రి సుజాన్ కాలిన్సే చెప్పారు. ఆ గ్రీకు కథలో ఏథెన్స్ నుంచి ఏడుగురు అబ్బాయిలు, ఏడుగురు అమ్మాయిలు క్రీటు రాక్షసుడికి ఆహారంగా వెళ్లాలి. మన ఏకచక్రపురంలోనూ అదే కదా! వంతు వచ్చిన ఇల్లు బండెడు అన్నంతో పాటు ఒక మనిషిని బకాసురుడికి పంపాలి. నేను వెళ్తానంటే నేనని తండ్రి, తల్లి, కూతురు ఏడుస్తుంటే, మాటలు సరిగా రాని పిల్లవాడు గడ్డిపరక పట్టుకుని దీంతోనే రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. ఎన్ని కథలు విన్నా ఆ గడ్డిపరక మాత్రం మరిచిపోలేం.

నాకు పేచీ మీ ప్రేమకథతోనే. ప్రేమ వద్దని కాదు, మీ వయసువాళ్లు రాసే కథలో అది లేకపోతేనే అనుమానించాలి. కాలిన్స్ నవలలో, ఆ ఆటలో గాయపడిన తోటి కుర్రాడు పీటాను కథానాయిక కాట్నిస్ గుహలో ముద్దు పెట్టుకుంటుంది. వెంటనే పైనుంచి వేడి సూపు గిన్నె దిగుతుంది. టీవీలో చూస్తున్న డబ్బున్నవాళ్లు మురిస్తేనే వీళ్లకు తిండి. నటిస్తోందో, ప్రేమిస్తోందో ఆ పిల్లకే తేలదు. తర్వాత వచ్చిన చాలా నవలలు అందులోంచి ఒకమ్మాయి, ఇద్దరబ్బాయిల ప్రేమను మాత్రం తీసుకుని, వాళ్లను చూస్తున్న కెమెరాను వదిలేశాయి. 2011 నాటి 'డెలీరియం' అలా కాదు. లారెన్ ఆలివర్ అందులో ప్రేమనే జబ్బు చేసి, పద్దెనిమిదేళ్లకు చికిత్స చేయించారు. ప్రేమను తీసేస్తే ఆ నవలే ఉండదు.

మీ మూడు అధ్యాయాలూ అలకలకే పోయాయి, నీళ్ల సంగతి వెనకబడిపోయింది. (అలకలు బాగా రాశారు, అది వేరే సంగతి.) 1908లో మూసీ ఊరిని ముంచెత్తాకే గండిపేట కట్టారు, 1920కి పూర్తయింది. వరదకు భయపడి కట్టిన చెరువు దాహానికి లేకుండా పోవడం, ఆ ఊహ మీదే, వదులుకోకండి. ఆ అమ్మాయికి పెళ్లయితే ఆమె వేలిముద్ర ఏ ఇంటి లెక్కలో పడుతుంది? పుట్టింట్లో ఒక బిందె తగ్గితే తల్లి ఆ పెళ్లికి ఒప్పుకుంటుందా? ఆ ఇద్దరిలో ఒకడికి కావాల్సింది ఆమె వాటా నీళ్లేనేమో?

ఇవి తేల్చుకుని నాలుగో అధ్యాయం పంపండి. రెండో అబ్బాయికి పేరు పెట్టడం మరవకండి, ఇప్పటిదాకా "అతను"గానే తిరుగుతున్నాడు.

మీ తాతయ్య,
నల్లకుంట