ఇష్టం, గ్రూపు, ఫ్యూచర్ ప్లాన్: హైస్కూల్ టీచరుగా నేను రోజూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

పదో తరగతి రిజల్ట్స్ వచ్చాక పది రోజుల పాటు నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "సార్, మావోన్ని ఏ గ్రూపుల ఎయ్యమంటరు?" అందరిదీ అదే ప్రశ్న. తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తున్నాను. తొమ్మిది, పది తరగతులకు కెరీర్ గైడెన్స్ కూడా నేనే చూస్తాను. ఆ ప్రశ్న రెండేళ్ల ముందే అడిగి ఉంటే ఎంత బాగుండేదని ప్రతి ఏడాదీ అనిపిస్తుంది. అలా అడగనీయకుండా అడ్డుపడే మాటలు కొన్ని ఇళ్లలోనూ, మా స్టాఫ్ రూముల్లోనూ పాతుకుపోయి ఉన్నాయి.

అపోహ: "ఏది ఇష్టమో పిల్లలనే అడిగితే సరిపోతుంది కదా!"

అడిగి చూడండి. సాఫ్ట్‌వేర్, డాక్టర్, పోలీస్, కలెక్టర్. క్లాసు మొత్తం ఈ నాలుగు మాటల్లో అయిపోతుంది. వాళ్ల కళ్లబడ్డ పనులు అవే మరి. ఇష్టాన్ని మనం కనిపెట్టాలి. ఎవరూ చెప్పకపోయినా ఏ పని ముందేసుకుని కూర్చుంటున్నారు, ఎక్కడ ప్రశ్న మీద ప్రశ్న వేస్తున్నారు, చెడిపోయినా విసుక్కోకుండా దేన్ని మళ్లీ మొదలుపెడుతున్నారు అన్నది నెలల తరబడి చూడాలి.

చూసినా పొరపడతాం. నేను పొరపడ్డాను. ఒకబ్బాయి బయాలజీ రికార్డులో పువ్వు నిలువుకోత, గుండె లోపలి భాగాలు చూసినవాళ్లు కళ్లు తిప్పుకోలేనంత చక్కగా వేసేవాడు. బైపీసీ తీసుకోమన్నాను. ఇంటర్ సెకండియర్లో బస్టాండులో కనిపించి, "బొమ్మలేసుడు ఇష్టం సార్ నాకు, బాటనీ కాదు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉందని, అక్కడి బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఎంట్రన్స్‌కు ఇంటర్ ఏ గ్రూపైనా చాలని ఆ రోజు బస్టాండులోనే చెప్పాను. పదో తరగతిలోనే చెప్పాల్సిన సంగతి అది. అప్పట్నుంచీ ఎవరిలో ఏ ఇష్టం కనిపించినా ఇంకో ప్రశ్న తప్పకుండా వేస్తాను: "అందులో నీకు నచ్చిందేంటి?"

అపోహ: "ఇష్టమైన పని పట్టుకుని కూర్చుంటే సిలబస్ ఎట్లా అవుతుంది?"

మా బడిలో ఒక కుర్రాడి మేనమామకు మోటారు వైండింగ్ షాపు ఉంది. బడి అయ్యాక, సెలవు రోజుల్లో అక్కడే ఉండేవాడు. లెక్కల స్లిప్ టెస్టుల్లో ఎప్పుడూ అడుగునే. కానీ షాపులో కాలిపోయిన మోటారు విప్పేటప్పుడు పాత కాయిల్‌లో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి రాసుకునేది అతనే. ఒక్క చుట్టు తప్పిపోయేది కాదు. తీగ గేజు చూడటం, కొత్త వైండింగ్ అయ్యాక మూడు ఫేజుల్లోనూ రెసిస్టెన్స్ ఒకేలా ఉందో లేదో మల్టీమీటర్ పెట్టి చూసుకోవడం కూడా అతని పనే.

పదో తరగతిలో విద్యుత్ ప్రవాహం పాఠం నడుస్తుండగా లేచి అడిగాడు: "కరెంటు డిమ్ వచ్చినప్పుడే మోటార్లు ఎందుకు కాల్తయ్ సార్? తక్కువొస్తే వేడి గూడ తక్కువ గావాలె గదా?"

ఇన్నేళ్లలో ఆ పాఠం మీద ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. వోల్టేజీ పడిపోయినా బోరులోంచి ఎత్తాల్సిన నీళ్ల బరువు తగ్గదు. ఆ పని చేయడానికి మోటారు మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. వైండింగ్‌లో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. "కరెంటు 20 శాతం పెరిగిందనుకో, వేడి ఎంత పెరుగుతుంది?" అని చాక్‌పీస్ అతని చేతికిచ్చాను. బోర్డు మీద 1.2ను 1.2తో గుణించి 1.44 రాశాడు. కాసేపు దాన్నే చూసి, "నలభై నాలుగు శాతమా సార్!" అన్నాడు. సూత్రం బట్టీ పట్టిన పిల్లల్లో ఆ ఆశ్చర్యం నేనెప్పుడూ చూడలేదు.

షాపుకు వచ్చే ప్రతి మోటారు ఎందుకు కాలిందో ఒక నోటుబుక్‌లో రాయమన్నాను. లో వోల్టేజీ, ఒక ఫేజు పోవడం, నీళ్లు లేకుండా నడవడం... మూడు నెలలు రాశాడు. వాటితోనే సాంఖ్యక శాస్త్రం పాఠంలోని పట్టికలు, సగటు, బాహుళకం నేర్చుకున్నాడు. పబ్లిక్ పరీక్షలో లెక్కలు హాయిగా పాసయ్యాడు. అన్ని సబ్జెక్టులూ ఇలాగే వచ్చేశాయని చెప్పను. హిందీకి మాత్రం రోజూ గంటసేపు విడిగా కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఇష్టం కొన్ని తలుపులు తీస్తుంది, మిగతావాటికి మామూలు కష్టం పడాల్సిందే.

తర్వాత పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్ రాసి ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరాడు. "పాలిటెక్నిక్ అంటే చిన్న చదువు కదా సార్" అని వాళ్లమ్మ బాధపడింది. డిప్లొమా పూర్తయ్యాక ఈసెట్ రాసి బీటెక్‌లో నేరుగా సెకండియర్‌లో చేరవచ్చని చెప్పాకే ఆమె మనసు కుదుటపడింది.

అపోహ: "ఇవన్నీ డబ్బున్న బడుల్లో నడుస్తాయి. నలభై మందున్న సర్కారు బడిలో కుదరవు."

మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల్లో దశాబ్దాలుగా చేస్తున్నది ఇలాంటిదే. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని, కార్డుల సాయంతో ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకుంటారు. అమెరికాలో ప్రావిడెన్స్ నగరంలో 1996లో మొదలైన మెట్ స్కూల్ కూడా ప్రభుత్వ నిధులతో నడిచే బడే. అక్కడి హైస్కూల్ పిల్లలు వారానికి రెండు రోజులు తమకు నచ్చిన పనిచోటుకు వెళ్లి నేర్చుకుంటారు.

అంత మనం చేయలేకపోవచ్చు. మనకు ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్ట్ వర్క్ ఉంది. దాన్ని బుక్‌స్టాల్ చార్టులతో, ఒకరిది చూసి పదిమంది రాసుకోవడంతో పాడుచేసుకున్నాం. నేను టాపిక్ ఎవరిది వాళ్లకే వదిలేస్తాను. శనివారం చివరి పీరియడ్‌లో ఎనిమిది మంది, ఒక్కొక్కరు మూడు నిమిషాలు మాట్లాడాలి. ఐదు శనివారాల్లో నలభై మందీ అయిపోతారు. ఖర్చు ఏమీ లేదు.

అపోహ: "మంచి మార్కులొస్తే ఎంపీసీ, తక్కువొస్తే సీఈసీ. ఒకసారి చేరాక ఇక అంతే."

ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. సీఏ ఫౌండేషన్, ఐదేళ్ల లా కోర్సు ఏ గ్రూపువాళ్లైనా రాయవచ్చు. బీఫార్మసీకి ఎంపీసీ వాళ్లూ వెళ్లవచ్చు. ఎన్‌డీఏలో (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ఆర్మీ విభాగానికి గ్రూపుతో పనిలేదు. ఐఐటీ మద్రాస్ డేటా సైన్స్ బీఎస్‌కు జేఈఈ అక్కర్లేదు, వాళ్ల సొంత క్వాలిఫయర్ ఉంది. ఎంపీసీ చదివినవాళ్లు ఇంటర్ అయ్యాక బయాలజీని అడిషనల్ సబ్జెక్టుగా పాసై నీట్ రాయడానికి నేషనల్ మెడికల్ కమిషన్ 2023లో వీలు కల్పించింది. అలాగని ఏ గ్రూపైనా ఒకటే అనుకోవద్దు. ఆర్కిటెక్చర్‌కు, ఎన్‌డీఏలో ఎయిర్‌ఫోర్స్, నేవీలకు ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండి తీరాలి.

అపోహ: "ఫ్యూచర్ ప్లాన్ అంటే ఫలానా ఉద్యోగం అని తేల్చుకోవడం."

ఉద్యోగం పేరు ఒక్కటే రాసిన కాగితాన్ని నేను వెనక్కిచ్చేస్తాను. ఏ పరీక్ష, ఎప్పుడు, ఫీజెంత, ఎక్కడుండి చదవాలి, అది కుదరకపోతే ఏంటి అన్నవన్నీ అందులో ఉండాలి.

ఈ ఏడాది ఒకమ్మాయికి 600కి 540 దాటాయి. వాళ్లమ్మ ఊళ్లో పాల కేంద్రం చూస్తుంది. ఫ్యాట్ శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) చూసి ఎవరికెంత ఇవ్వాలో రిజిస్టర్‌లో రాసేది మాత్రం ఈ అమ్మాయే. సీఈసీ తీసుకుని సీఏ చేస్తానంటుంది. "ఇన్ని మార్కులొచ్చి సీఈసీ ఏంది సార్?" అంటూ వాళ్ల నాన్న బడికొచ్చాడు. నేనేమీ మాట్లాడకుండా అమ్మాయి నోటుబుక్ ఆయన ముందు పెట్టాను. ఇంటర్ కాలేజీ, బస్సు టైము, ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లు, రిజిస్ట్రేషన్ ఫీజు, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. ఆయన వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు.

"ఫెయిలైతే?" అన్నాడు.

అమ్మాయి పేజీ తిప్పింది. "ఫౌండేషన్ ఏడాదికి మూడుసార్లు పెడతారు. పోతే మళ్లీ రాస్తాను. పక్కన బీకాం నడుస్తుంది. అదీ కాకపోతే డిగ్రీ తర్వాత బ్యాంకు పరీక్షలు."

ఆయన ఆ పేజీ రెండోసారి చదివాడు. నోటుబుక్ మూసి చంకలో పెట్టుకుని, "వాళ్లమ్మకు గూడ సూపిస్త సార్, రేపు తెచ్చిస్త" అన్నాడు.