ఎడమచేతి కింద ఆర్కెస్ట్రా: అరేంజర్ కీబోర్డు వెనక కథ

వేదిక మీద అరేంజర్ కీబోర్డు ముందు ఒక్కరే ఉంటారు. ఎడమచేత్తో మూడు కీలు నొక్కగానే డ్రమ్స్, బేస్, గిటారు, వయొలిన్లు ఒక్కసారిగా అందుకుంటాయి. కుడిచేత్తో మెలొడీ, నోటితో పాట. వినేవాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "ఆయన వాయించేదేముంది, అంతా మిషనే కదా!" ఈ ఫిర్యాదు అరేంజర్ కీబోర్డు కన్నా పాతది. అందులో నిజమెంతో తేలాలంటే ఆ మిషన్ ఏ ముక్కలు ఎక్కణ్ణుంచి తెచ్చుకుందో చూడాలి.

ఒక్క మీటతో కార్డ్ (కలిపి మోగే మూడు నాలుగు స్వరాల గుంపు) మొత్తం పలికించాలన్న ఆలోచన 1829 నాటిది. ఆ ఏడాది వియన్నాలో సిరిల్ డెమియన్ పేటెంట్ తీసుకున్న వాద్యంలో ఒక్కో మీటకు ఒక్కో కార్డ్ పలికేది. కార్డ్‌ను జర్మన్‌లో 'అకోర్డ్' అంటారు, అకార్డియన్ పేరు దాన్నుంచే వచ్చింది. కాలక్రమంలో ఎడమచేతికి బేస్, కార్డ్ మీటలు, కుడిచేతికి మెలొడీ అన్న పని పంపకం ఆ వాద్యంలో స్థిరపడింది. 1950లో హామండ్ కంపెనీ కార్డ్ ఆర్గన్ తెచ్చినప్పుడు ఎడమవైపు పెట్టిన 96 కార్డ్ బటన్లదీ అదే పోలిక. నేటి అరేంజర్‌లోనూ అదే పంపకం, కాకపోతే రెండు చేతులూ ఒకే కీబోర్డు మీదికి వచ్చాయి, మధ్యలో స్ప్లిట్ పాయింట్ అనే సరిహద్దు పడింది. అరేంజర్ల తయారీలో ఇటలీ పేర్లు అంత ఎక్కువగా వినిపించడానికి కారణమూ ఇక్కడే ఉంది. కాస్టెల్‌ఫిదార్దో చుట్టుపక్కల అకార్డియన్లు చేసిన చేతులే తర్వాత ఎలక్ట్రానిక్ ఆర్గన్లకూ కీబోర్డులకూ మళ్ళాయి.

"ఒక్కడే ఆర్కెస్ట్రా" అన్న ఆశ మాత్రం మూకీ సినిమాలది. ఆర్గన్ల రూపకర్త రాబర్ట్ హోప్-జోన్స్ 1910లో వుర్లిట్జర్ కంపెనీలో చేరాక అక్కణ్ణుంచి వచ్చిన థియేటర్ ఆర్గన్లలో పైపులతోపాటు అసలు డ్రమ్ములు, గంటలు, జైలోఫోన్లు కూడా ఉండేవి. బృందం మొత్తం చేసే పని ఒక్క ఆర్గనిస్టు చేసేవాడు. 1927 తర్వాత టాకీలు పుంజుకోగానే ఆ ఒక్కడి పనీ పోయింది. మిషన్ అంటే సంగీతకారుల సంఘాలకున్న బెదురు ఉత్తి చాదస్తం కాదు. అమెరికా సంగీతకారుల సమాఖ్య 1942 ఆగస్టు నుంచి 1944 దాకా రికార్డింగులనే బహిష్కరించింది. 1982లో బ్రిటన్ మ్యుజీషియన్స్ యూనియన్ సెంట్రల్ లండన్ శాఖ సింథసైజర్లనూ డ్రమ్ మెషీన్లనూ నిషేధించాలని తీర్మానం చేసింది. అది దేశవ్యాప్త విధానం కాలేదు గానీ, వాదన ఎంత దూరం వెళ్ళిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఆ వాదనకు కేంద్రమైన డ్రమ్ మెషీన్ మొదట ఎలా పనిచేసేదో కొంచెం దగ్గరగా చూడాలి. 1940ల చివర్లో హ్యారీ చేంబర్లిన్ చేసిన రిథ్‌మేట్‌లో నిజమైన డ్రమ్మర్ వాయించిన టేపు లూపులు తిరిగేవి. 1959లో వచ్చిన వుర్లిట్జర్ సైడ్ మ్యాన్‌లో టేపు లేదు. చెక్కపెట్టె లోపల మోటారు తిప్పే చక్రం, దాని చుట్టూ విద్యుత్ కాంటాక్టులు ఉండేవి. చక్రం ఏ కాంటాక్టును తాకితే ఆ దెబ్బను వాక్యూమ్ ట్యూబులు పలికించేవి. పన్నెండు రిథమ్‌లు, నిమిషానికి 34 నుంచి 150 బీట్ల దాకా వేగం. మోటారు వేగం మారిస్తే టెంపో మారేది. ఫిల్లూ (పాట ఒక భాగం నుంచి ఇంకోదానికి మారేచోట డ్రమ్మర్ వేసే చిన్న విరుపు) లేదు, ముగింపూ లేదు, గానుగెద్దులా అదే చుట్టు. అందులో ఉన్నవి వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, రుంబా లాంటి బాల్‌రూమ్ నృత్యాలు. ఆర్గన్ కొనేవాళ్ళకు కావలసినవి అవే మరి. ఈనాటి ఖరీదైన అరేంజర్‌లో కూడా 'బాల్‌రూమ్' పేరుతో ఒక విభాగం కనిపిస్తే అది ఆ కొనుగోలుదారుల గుర్తే. ఏడు మాత్రల పాటకు స్టైల్ (కీబోర్డులో ముందే నింపిన వాద్యబృందపు నడక) వెతుక్కోవలసి రావడానికి కారణమూ అదే.

జపాన్‌లో ఇకుతారో కకెహాషి ఏస్ టోన్ కంపెనీ నుంచి 1967లో తెచ్చిన ఎఫ్ఆర్-1 రిథమ్ ఏస్ ట్రాన్సిస్టర్లతో పనిచేసేది. పదహారు ప్యాటర్న్‌లు, రెండు బటన్లు కలిపి నొక్కితే రెండూ కలిసేవి, కౌబెల్ వంటివి విడిగా ఆపుకోవచ్చు. హామండ్ తన ఆర్గన్లలో దీన్ని అమర్చింది. కకెహాషి 1972లో రోలాండ్ స్థాపించారు. ఈ లోపు ఇంకో దారి కూడా తెరుచుకుంది. 1963 నాటి మెలోట్రాన్‌లో ఎడమ కీబోర్డు నిండా టేపు మీద రికార్డయిన రిథమ్‌లు, అకంపనిమెంట్లు ఉండేవి. 1971 నాటి ఆప్టిగన్‌లో ఆ పని ఒక ప్లాస్టిక్ డిస్కు చేసేది, మనుషులు వాయించిన లూపులు దాని మీద కాంతితో చదివే రేఖలుగా ఉండేవి. ఆ దారి అప్పటికి మూసుకుపోయింది, ముప్పై నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ తెరుచుకుంది.

1980లలో కాసియో, యమహా చిన్న కీబోర్డులు ఇళ్ళలోకి వచ్చాక కార్డ్ బటన్లు పోయి, కీలే కార్డ్ బటన్లయ్యాయి. యమహా సింగిల్ ఫింగర్ పద్ధతిలో సి కీ ఒక్కటి నొక్కితే సి మేజర్ కార్డ్ (మేజర్, మైనర్, సెవెన్త్ అన్నవి కార్డ్‌లో రకాలు). దాని ఎడమపక్కన దగ్గర్లో ఉన్న నల్ల కీ కలిపితే మైనర్, తెల్ల కీ కలిపితే సెవెన్త్, రెండూ కలిపితే మైనర్ సెవెన్త్. కాసియో లెక్క వేరు. మూలస్వరానికి (కార్డ్‌కు పేరిచ్చే స్వరానికి) కుడివైపు ఏ కీ అయినా ఒకటి కలిపితే మైనర్, రెండైతే సెవెన్త్, మూడైతే మైనర్ సెవెన్త్. ఒకదానికి అలవాటుపడ్డ చెయ్యి రెండోదాని మీద తప్పు పలికిస్తుంది. పైగా సస్‌పెండెడ్, డిమినిష్డ్ కార్డ్‌లు ఈ పద్ధతిలో అందవు. "ఆయన వాయించట్లేదు" అన్న నింద బలపడింది ఈ ఒంటివేలి కాలంలోనే, అప్పట్లో అది పూర్తిగా అన్యాయమూ కాదు.

అరేంజర్ అనదగ్గ యంత్రం ఆ దశాబ్దం చివర్లో వచ్చింది. 1983లో మిడి (ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష) ప్రమాణం వచ్చింది, 1988లో రోలాండ్ ఇ-20 వచ్చింది, 1993లో కోర్గ్ ఐ3. ఆ చుట్టుపక్కలే టెక్నిక్స్ కేఎన్ వరస, కెట్రాన్, తర్వాత కోర్గ్ పీఏ వరస, 2002లో యమహా టైరోస్, 2017లో జెనోస్, 2023లో జెనోస్2. పేర్లకన్నా లోపల మారిందే ముఖ్యం. స్టైల్ అనేది రికార్డింగ్ కాదు, స్వరాల పట్టిక. యమహా స్టైల్‌లో ఎనిమిది భాగాలుంటాయి: రెండు రిథమ్, ఒక బేస్, రెండు కార్డ్, ఒక ప్యాడ్ (వెనక నిలిచి మోగే స్వరాలు), రెండు ఫ్రేజ్ (చిన్న అలంకారాలు). తయారుచేసేవాళ్ళు సాధారణంగా అంతా సి మేజర్ సెవెన్త్‌లో రాస్తారు. మనం వేరే కార్డ్ నొక్కినప్పుడు ఆ స్వరాలు ఎటు జరగాలో నియమాలు చెబుతాయి. ఒక నియమంలో అన్నీ మూలస్వరంతోపాటు జరుగుతాయి. ఇంకోదాంట్లో దగ్గరి స్వరానికే వెళ్తాయి: సి-ఇ-జి ఉన్నది ఎఫ్ కార్డ్ రాగానే సి-ఎఫ్-ఏ అవుతుంది, గిటారు వాయించేవాడి చెయ్యి జరిగినట్టు. బేస్ మరీ పైకి పోకుండా ఒక గరిష్ఠ కీ పెడతారు. అది ఎఫ్ అయితే, ఎఫ్ దాకా ఎక్కిన బేస్ ఎఫ్ షార్ప్ దగ్గర ఒక్కసారిగా ఆక్టేవ్ (ఒక స్థాయి) కిందికి దూకుతుంది. పాట స్కేల్ మార్చగానే "బేస్ ఏదో తేడాగా ఉంది" అనిపిస్తే ముందు చూడాల్సింది అది.

వేదిక మీద వచ్చే తప్పుల్లో చాలావాటికి మూలం ఈ పట్టికే. కార్డ్ బీటుకు రవ్వంత ఆలస్యంగా పడిందనుకోండి. అప్పటికే బేస్ పాత మూలస్వరం పలికేసి ఉంటుంది. కొత్త కార్డ్ అందగానే, స్టైల్‌లో రాసిపెట్టినదాన్నిబట్టి, ఆ స్వరం ఆగిపోతుంది, లేదా జారుతుంది, లేదా రెండోసారి మోగుతుంది. వినేవాళ్ళకది బేసిస్టు తప్పటడుగు వేసినట్టుంటుంది. అందుకే అనుభవజ్ఞులు కార్డ్‌ను బీటు మీద కాక వెంట్రుకవాసి ముందు నొక్కుతారు.

ఫింగర్డ్ ఆన్ బేస్ మోడ్‌లో, అంటే చేతిలోని అట్టడుగు స్వరాన్నే బేస్‌గా తీసుకునే పద్ధతిలో, ఇంకో చిక్కు. చేతికి వీలుగా ఇ-జి-సి పట్టుకుంటే అది సి కార్డ్‌కే ఇన్వర్షన్ (అవే స్వరాలు, వరస వేరు) అని మీకు తెలుసు. మిషన్ మాత్రం బేస్‌లో ఇ వేస్తుంది. దిగే బేస్ వరసలున్న పాటకు ఆ మోడ్ వరం, మిగతా పాటలకు మామూలు ఫింగర్డ్ మేలు. యమహా కీబోర్డుల్లో స్ప్లిట్ మామూలుగా ఎఫ్ షార్ప్ 2 దగ్గర ఉంటుంది. 61 కీలలో 19 ఎడమచేతికి పోతే కుడిచేతికి మిగిలేవి 42. మెలొడీలో కింది స్వరం కోసం చెయ్యి సరిహద్దు దాటిందా, పాట నడుమ వేరే కార్డ్ పడుతుంది. కుడి టోన్‌ను ఆక్టేవ్ దించుకుని పైన వాయించడం సులువైన మందు.

ఫిల్ సంగతి కూడా అంతే. యమహాలో బార్ (తాళంలో ఒక ఆవర్తం) చివరి అర బీటుకు ముందు నొక్కితే ఫిల్ వెంటనే మొదలై ఆ బార్‌తో ముగుస్తుంది. దాటాక నొక్కితే తర్వాతి బార్ మొదట్లో మొదలవుతుంది, అంటే చరణం మొదటి పంక్తి ఫిల్ మీద పడుతుంది. ఇంట్రోల్లో సొంత కార్డ్ వరస ఉంటుంది కనక మైనర్ పాటకు మైనర్ కార్డ్ పట్టుకునే మొదలెట్టాలి. పాటలో ఎక్కడైనా రెండు బీట్ల చిన్న బార్ ఉంటే స్టైల్‌కు ఆ సంగతి తెలీదు, అక్కణ్ణుంచి డ్రమ్స్ అర బార్ వెనకబడే నడుస్తాయి. ట్యాప్ టెంపో బటన్‌కు రీసెట్ పని ఉన్న కీబోర్డుల్లో కొత్త బార్ మొదటి బీటు మీద దాన్ని నొక్కితే స్టైల్ మళ్ళీ మొదటికొచ్చి కలుస్తుంది. ఇది వేలికి పట్టుబడాలంటే సాధన కావాలి, ఆ వేలి పనిని మిషన్ చెయ్యదు.

ఆప్టిగన్ దారి మళ్ళీ తెరుచుకున్నది ఇటీవలే. కొన్ని అరేంజర్ల స్టైల్‌లో ఇప్పుడు అసలు డ్రమ్మర్ వాయించిన ఆడియో ఉంటోంది. వినడానికి ఎంతో బాగుంటుంది. కాకపోతే రికార్డు చేసిన వేగానికి మరీ దూరం వెళ్తే తాళాల మోత చెదురుతుంది, ఆ స్నేర్ డ్రమ్ నచ్చకపోతే ఒక్కదాన్నే మార్చుకోవడమూ కుదరదు. ఇంకో అడుగు ముందుకేసి యూఎస్‌బీలో ఎమ్‌పీ3 మైనస్ ట్రాక్ (గొంతు తీసేసిన పాట) పెట్టి పాడేవాళ్ళూ ఉన్నారు. ఒకే వాద్యం మీద జరుగుతాయి కాబట్టి స్టైల్‌తో వాయించడాన్నీ ట్రాక్ పెట్టి పాడడాన్నీ జనం ఒకే గాటన కట్టేస్తారు. తేడా పాడేవారికి తెలుస్తుంది. చరణం చివర స్వరాన్ని రెండు బార్లు ఎక్కువ నిలబెట్టారనుకోండి, అరేంజర్ ముందున్న మనిషి అదే కార్డ్ పట్టుకుని ఉంటే చాలు, స్టైల్ అక్కడే తిరుగుతుంది. గొంతు దిగుతుండగా ఫిల్ నొక్కి పల్లవిలోకి వెళ్ళొచ్చు. ట్రాక్ అయితే ఆ పాటికి పల్లవి రెండో పంక్తిలో ఉంటుంది.