బిడ్డల్ని కన్న తల్లి రక్తంలో ఏముంటుంది?

పర్లాకిమిడి, బరంపురం వైపు, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో బంధువులున్న తెలుగు కుటుంబాలు చాలానే. ఆ జబ్బు వాళ్లకు కొత్త కాదు. కిడ్నీ మార్పిడి మాట వస్తే అందరూ ముందు అడిగేది బ్లడ్ గ్రూపు. అది కలిస్తే సగం టెన్షన్ తీరిందనుకుంటారు. కానీ ఆ తర్వాత, రోగి రక్తం దాత కణాల మీద దాడి చేస్తుందేమో చూసే క్రాస్‌మ్యాచ్ అనే పరీక్ష ఉంది. పిల్లల్ని కన్న ఆడవాళ్లకు చిక్కు వచ్చేది ఎక్కువగా అక్కడే. భర్తో కొడుకో కిడ్నీ ఇస్తానన్నా, "పాజిటివ్ వచ్చింది, కుదరదు" అంటారు.

మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లు ఉంటాయి. వాటి జన్యువులు ఆరో క్రోమోజోములో ఉంటాయి. తల్లి నుంచి ఒక సెట్టు, తండ్రి నుంచి ఒక సెట్టు వస్తాయి. కడుపులో ఉన్న బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలో కలుస్తాయి. వాటి మీదున్న తండ్రి సెట్టును ఆమె ఒళ్లు పరాయిదిగా గుర్తించి యాంటీబాడీలు తయారుచేసుకోవచ్చు. బిడ్డకు సాధారణంగా వాటివల్ల ఏమీ కాదు. ఏళ్ల తర్వాత ఆ భర్త కిడ్నీయే ఆమెకు పెడితే మాత్రం, అవి దాని రక్తనాళాల మీద పడతాయి. కొన్నిసార్లు గంటల్లోనే కిడ్నీ పాడైపోతుంది.

ఈ యాంటీబాడీల సంగతి 1958లో బయటపడింది. చాలాసార్లు రక్తం ఎక్కించుకున్నవాళ్లలో జాన్ డోసే, పలు కాన్పులైన తల్లుల్లో రోజ్ పేన్, వాన్ రూడ్ అనే శాస్త్రవేత్తలు వాటిని చూశారు. అలా ఎవరి హెచ్‌ఎల్‌ఏ ఏ రకమో తేల్చే టిష్యూ టైపింగ్‌కు కావలసిన రీఏజెంటు, అంటే పరీక్షకు వాడే ద్రవం, తల్లుల రక్తంలోనే దొరికింది. 1964లో పాల్ టెరసాకి అనే శాస్త్రవేత్త ఆ పరీక్షను చిన్న ట్రేలోకి తెచ్చారు. ఒక్కో గుంటలో ఒక తల్లి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, యాంటీబాడీలు ఉండేది అందులోనే) ఒక్క మైక్రోలీటరు, అందులో దాత తెల్లకణాలు, ఆపైన కుందేలు సీరంలోని కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు, చివర్లో ఒక రంగు వేస్తారు. యాంటీబాడీ అతుక్కున్న కణానికి చిల్లు పడి రంగు లోపలికి పోతుంది. ఏ సీరానికి ఏ కణాలు చచ్చాయో మైక్రోస్కోపులో చూసి దాత టైపు తేల్చేవారు. క్రాస్‌మ్యాచ్‌లో ఆ సీరం బదులు రోగి సీరమే వేస్తారు. పాజిటివ్ అయినా మార్పిడి చేసిన 30 మందిలో 24 కిడ్నీలు వెంటనే పోయాయని, నెగటివ్ వచ్చిన 195 మందిలో 8 మాత్రమే పోయాయని 1969లో టెరసాకి, పటేల్ చూపించారు. డోసేకు 1980లో నోబెల్ వచ్చింది. ఆ సీరం ఇచ్చిన తల్లులకు కూడా ఈ శాస్త్రం అంతే రుణపడి ఉందని నా నమ్మకం.

ఇప్పుడు టైపింగ్ డీఎన్‌ఏతో చేస్తున్నారు. రోగి యాంటీబాడీలను పట్టడానికి ఒక్కో హెచ్‌ఎల్‌ఏ ప్రోటీన్ పూసిన సన్నని పూసలు వచ్చాయి. ఏ దాత పనికిరాడో ముందే చాలావరకు తెలిసిపోతుంది.

అందుకే డాక్టరు అడగకపోయినా కాన్పులు, గర్భస్రావాలు, రక్తం ఎక్కించుకున్న సంగతులు అన్నీ చెప్పాలి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు రక్తం తప్పనిసరైతే తెల్లకణాలు తీసేసిన రక్తం దొరుకుతుందేమో అడగాలి. ఇంట్లో దాత కుదరకపోతే, ఇలాంటి చిక్కులోనే ఉన్న ఇంకో కుటుంబంతో దాతలను మార్చుకోవచ్చు. దీన్నే స్వాప్ అంటారు. అవయవ మార్పిడి చట్టానికి 2011లో వచ్చిన సవరణ దీనికి అనుమతి ఇచ్చింది. మొదటి పాజిటివ్ రిపోర్టుకే ఫైలు మూసేసి ఇంటికి వచ్చేయకండి, స్వాప్ గురించి అడగండి.