తలంబ్రాల తర్వాత జీలకర్ర బెల్లమా? ఫొటో సార్టింగ్‌పై అపోహలు, వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, ఈ ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, రెండు కెమెరాల కార్డులూ లైట్‌రూమ్‌లో వేస్తే వరస మొత్తం పోయింది. తలంబ్రాల తర్వాత జీలకర్ర బెల్లం వస్తోంది. కార్డు కరప్ట్ అయిందా?"

అపోహ: క్యాప్చర్ టైమ్ (ఫొటో తీసిన టైమ్) మీద సార్ట్ చేస్తే వరస దానంతటదే కుదురుతుంది. కుదరలేదంటే ఫైళ్లు పాడైనట్టే.

కార్డుకేమీ కాలేదు, టెన్షన్ పడకండి. లైట్‌రూమ్ లాంటి ఫొటో సాఫ్ట్‌వేర్‌కు పెళ్లితంతు తెలియదు. ఎగ్జిఫ్‌లో, అంటే ప్రతి ఫొటో ఫైల్‌లో కెమెరా దాచే వివరాల్లో, రాసిన టైమ్ ఒక్కటే దానికి ఆధారం. మీ కెమెరాకూ రెండో కుర్రాడి కెమెరాకూ ఏడు నిమిషాల తేడా ఉందనుకోండి, మండపంలో ఆ ఏడు నిమిషాల్లో ఎంత జరిగిపోతుందో మీకు నేను చెప్పాలా?

డబ్బులు పోయేది దీని తర్వాతే. కంగారులో కొందరు ఫైల్ డేట్ మీద సార్ట్ చేసి, అదే వరసలో రీనేమ్ కొట్టేస్తారు. ఫైల్ డేట్ తీసిన టైమ్ కాదు, ఎడిట్ చేసి సేవ్ చేస్తే మారిపోతుంది. ఒక కుర్రాడు మంగళసూత్రధారణ ఫొటోలు రీటచ్ చేశాక ఇలాగే రీనేమ్ చేసి డిజైనర్‌కు పంపేశాడు. ఆల్బమ్ ప్రింటయి వచ్చింది. అప్పగింతలయ్యాక తాళి కడుతున్నాడు పెళ్లికొడుకు! రీప్రింట్ ఖర్చు కుర్రాడి నెత్తిన పడింది. అసలు టైమ్ మాత్రం ఎగ్జిఫ్‌లో భద్రంగానే ఉంది.

చేయాల్సింది ఇది. లైట్‌రూమ్‌లో మెటాడేటా ఫిల్టర్‌తో (ఎగ్జిఫ్ వివరాలను బట్టి వడకట్టేది) రెండో కెమెరా ఫొటోలు విడదీయండి. రెండూ ఒకే మోడల్ అయితే సీరియల్ నంబర్‌తో వెతకండి. ఇద్దరూ తీసిన ఒకే క్షణం పట్టుకోండి. నేనైతే అడ్డుతెర దించే ఫ్రేమ్ చూస్తాను, దాన్ని ఎవరూ వదలరు. విడదీసినవన్నీ సెలెక్ట్ చేసి, ఆ ఫ్రేమ్‌ను యాక్టివ్‌గా ఉంచి, 'ఎడిట్ క్యాప్చర్ టైమ్'లో సరైన టైమ్ ఇస్తే మిగతావన్నీ అంతే తేడాతో జరుగుతాయి. లైట్‌రూమ్ లేకపోతే డిజికామ్ ఉంది, ఫిల్ హార్వే రాసిన ఎగ్జిఫ్‌టూల్ ఉంది, రెండూ ఉచితమే. ఎగ్జిఫ్‌టూల్ అయితే పాత ఫైల్‌ను పక్కన దాచి మరీ మారుస్తుంది. ఫొటో క్వాలిటీ పోతుందని భయపడేవాళ్లున్నారు. టైమ్ మారిస్తే పిక్సెల్ ఒక్కటీ కదలదు.

డాలస్ నుంచి వచ్చిన బావమరిది కెమెరా ఇంకో కథ, దాని గడియారం ఇంకా అమెరికా టైమ్‌లోనే ఉంటుంది. అక్కడి టైమ్ వేసవిలో మనకంటే 10 గంటల 30 నిమిషాలు వెనక, చలికాలంలో 11 గంటల 30 నిమిషాలు. ఎగ్జిఫ్ 1995లో వచ్చినా, టైమ్‌జోన్ రాసుకునే చోటు దానికి 2016లో గానీ దొరకలేదు. అందుకే పెళ్లిరోజు పొద్దున్నే అన్ని కెమెరాలతోనూ ఒకే ఫోన్ గడియారాన్ని, సెకన్లు కనిపించేలా, ఒక్కో ఫొటో తీయించండి. ఏ కెమెరా ఎంత తేడాలో ఉందో దాన్ని బట్టి తెలుస్తుంది.

అపోహ: ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో పెంచే సెట్టింగ్) 3200 దాటినవి ఫిల్టర్ చేసి పారేయొచ్చు.

వద్దు. ఐఎస్ఓ పెంచితే వచ్చే గ్రెయిన్‌ను (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) తగ్గించుకోవచ్చు. ముందు షట్టర్ స్పీడ్ 1/60 కంటే తక్కువున్నవి విడదీసి, పక్కపక్కన పెట్టి 100 శాతం జూమ్‌లో కళ్లు చూడండి. ఊగిపోయినవి అక్కడ దొరుకుతాయి.

అపోహ: ఫొటోలో కెమెరా సెట్టింగ్స్ కనిపించట్లేదంటే ఫొటోగ్రాఫర్ దాచాడు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఎగ్జిఫ్ పోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. ఎపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) ఒక్కటే ఖాళీగా ఉంటే, అది ఎలక్ట్రానిక్ కాంటాక్ట్స్ లేని పాత మాన్యువల్ లెన్స్ అయి ఉంటుంది.