విండో ఒకటే, లోపలి పేజీ మారుతుంది

కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోతాం. ముందు లైసెన్స్ షరతులు, తర్వాత ఏ ఫోల్డర్‌లో పెట్టాలన్న ప్రశ్న, ఆ తర్వాత మెల్లగా నిండే గీత. ఇన్ని మారినా విండో మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చూసేవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. ప్రోగ్రాం రాసేవాళ్లకి మాత్రం ఇక్కడే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. కనిపించకుండా పోయిన పేజీ ఎక్కడికి వెళ్లింది? అందులో మనం టైప్ చేసింది ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? రెండో ప్రశ్నను పట్టించుకోని ప్రోగ్రాములే మనం సగం నింపిన ఫారాన్ని మింగేస్తుంటాయి.

విండోలో కనిపించేవన్నీ లోపల ఒక వంశవృక్షంలా అమరి ఉంటాయి. విండో కింద పేజీ, పేజీ కింద బటన్లు, రాసుకునే గళ్లు, జాబితాలు. పేజీ మార్చడమంటే ఆ వృక్షంలో ఒక కొమ్మ స్థానంలో ఇంకోదాన్ని చూపించడం. దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది, పేజీలన్నీ ముందే తయారుచేసి ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్కదాన్నే కనిపించనివ్వడం. 1996లో వచ్చిన జావా అనే ప్రోగ్రామింగ్ భాష తొలి వెర్షన్‌లోనే కార్డ్‌లేఅవుట్ పేరుతో ఈ ఏర్పాటు ఉంది. విండోలు, బటన్లు తయారుచేసుకునే రెడీమేడ్ సరంజామా క్యూట్ (Qt)లో దీన్ని క్యూస్టాక్డ్‌విడ్జెట్ అంటారు. లినక్స్‌లో బాగా వాడే ఇలాంటి సరంజామా జీటీకేలో 2013లో జీటీకేస్టాక్ వచ్చింది. ఈ మూడింటికీ ఒక మంచి అలవాటు ఉంది. కనిపించే పేజీని ఒక్కదాన్నే కాకుండా, దాగి ఉన్న పేజీలను కూడా కొలిచి, అన్నింట్లోకీ పెద్దదానికి సరిపడా చోటు అడుగుతాయి. అందుకే పేజీ మారినప్పుడల్లా విండో సాగి, ముడుచుకుని మన కళ్లను ఇబ్బంది పెట్టదు.

ఈ కొలత సంగతి తెలుగువాళ్లకి ఇంకాస్త ముఖ్యం. ఇంగ్లీషు అక్షరాల ఎత్తును బట్టి ఇన్ని పిక్సెళ్లని బిగించేసిన గడిలో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు పెడితే కింది వత్తులు తెగిపోతాయి. కొలతను, భాగాలను అమర్చిపెట్టే లేఅవుట్‌కే వదిలేస్తే అక్షరాలకి కావలసినంత ఎత్తు అదే ఇస్తుంది.

పైథాన్ భాషతో నేర్చుకునేవాళ్లు అందులోని విండోల సరంజామా టీకేఇంటర్‌లో ఫ్రేములన్నీ (ఒక్కో పేజీకి ఒక్కో చట్రం) ఒకే గడిలో పెట్టి, కావలసినదాన్ని టీకేరైజ్ ఆదేశంతో పైకి తెస్తారు. చాలా పాఠాల్లో ఇదే నేర్పుతారు. ఇందులో ఒక చిక్కుంది. అడుగున ఉన్న ఫ్రేము కప్పబడిందే గానీ, టీకేఇంటర్ లెక్కలో అది ఇంకా తెరమీదే ఉంది. ట్యాబ్ కీ నొక్కుతూ పోతే కర్సర్ కనపడని గడిలోకి జారుకుంటుంది. మౌస్‌తో పనిచేసేవాళ్లకి ఇది తెలియదు. కీబోర్డే ఆధారమైన చూపులేని వ్యక్తికి మాత్రం ఆ ప్రోగ్రాం అక్కడితో తప్పిపోయినట్టే. గ్రిడ్‌రిమూవ్ ఆదేశంతో పాత ఫ్రేమును నిజంగానే పక్కన పెడితే సరిపోతుంది. ఒక్క లైను పని అది.

రెండో దారి, పాత పేజీని తీసేసి కొత్తదాన్ని అప్పటికప్పుడు తయారుచేయడం. వాడని పేజీలకి మెమరీ ఖర్చుండదు, ప్రోగ్రాం త్వరగా తెరుచుకుంటుంది. అయితే జావాలోని విండోల సరంజామా స్వింగ్‌లో ఒక భాగాన్ని తీసి ఇంకోటి పెట్టాక రీవ్యాలిడేట్, రీపెయింట్ అని చెప్పాలి. లేకపోతే కొత్త పేజీ కొలతలు వేసుకోదు, పాత బొమ్మ తెరమీద అలాగే ఉండిపోతుంది.

అంతకన్నా లోతైన సమస్య, తీసేశామనుకున్న పేజీ నిజంగా పోకపోవడం. ‘డేటా మారితే నాకు చెప్పు’ అని ఒక పేజీ ఎక్కడో పేరు నమోదు చేసుకుంటుంది. వెళ్లేటప్పుడు ఆ పేరు కొట్టేయకపోతే, నమోదు చేసుకున్నచోట దాని చిరునామా ఇంకా ఉన్నట్టే. మెమరీ శుభ్రం చేసే యంత్రాంగం దాన్ని ముట్టుకోదు. పేజీలు మారుస్తున్న కొద్దీ ఇలాంటివి పేరుకుపోయి, పొద్దున హుషారుగా నడిచిన ప్రోగ్రాం సాయంత్రానికి ఈడ్చుకుంటూ ఉంటుంది. పేజీ తెరుచుకున్నప్పుడు ఏమేం మొదలుపెట్టాలో అందరూ రాస్తారు. మూసేటప్పుడు ఏమేం ఆపాలో కూడా అంతే శ్రద్ధగా రాయాలి.

ఇక మనం టైప్ చేసినదాని సంగతి. దీనికి గట్టి సమాధానం 1978-79లోనే దొరికింది. నార్వేలో ఓడల డిజైన్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసిన ట్రిగ్వే రీన్స్కౌగ్ ఆ ఏడాది అమెరికాలోని జెరాక్స్ పార్క్ పరిశోధనశాలకి వెళ్లారు. అక్కడ ఆయన ప్రతిపాదించినదే మోడల్-వ్యూ-కంట్రోలర్. సమాచారం మోడల్‌లో ఉంటుంది. వ్యూ దాన్ని చూపిస్తుంది. మనం నొక్కే, టైప్ చేసేవాటిని కంట్రోలర్ అందుకుంటుంది. ఒకే మోడల్‌ని ఎన్ని వ్యూలైనా చూపించొచ్చు, ఏ వ్యూ పోయినా మోడల్‌కి నష్టం లేదు. ఈ ఒక్క నియమం పాటిస్తే పేజీని దాచినా, తీసేసినా టైప్ చేసింది భద్రంగా ఉంటుంది. నా మట్టుకు నాకు ఈ రంగంలో ఇంతకంటే మానవత్వమున్న ఆలోచన కనిపించదు. మనిషి పడిన శ్రమను తెర దయాదాక్షిణ్యాలకి వదిలేయకూడదని అది చెబుతోంది.

వేగానికీ ఇందులో పాత్ర ఉంది. సెకనుకి 60 సార్లు మారే తెరమీద ఒక్కో బొమ్మకి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లే. తెరను గీసే పని సాధారణంగా ఒకే థ్రెడ్ (ప్రోగ్రాంలో ఒకదాని తర్వాత ఒకటిగా సాగే పనుల వరుస) మీద నడుస్తుంది కాబట్టి, కొత్త పేజీ తెరుస్తూ అదే థ్రెడ్‌లో డేటాబేస్‌ని అడిగితే విండో మొత్తం బిగుసుకుపోతుంది. ఆ పని వెనక ఇంకో థ్రెడ్‌కి అప్పగించాలి. జవాబు వచ్చేసరికి మనిషి వేరే పేజీకి వెళ్లిపోయి ఉండొచ్చు. అప్పుడు ఆ జవాబును తెరమీద చల్లకుండా మోడల్‌లో పెట్టి ఊరుకోవాలి.

పేజీలు ఎక్కువయ్యేకొద్దీ ఇంకో ఇబ్బంది మొదలవుతుంది. ఒకే కీ ఒక పేజీలో ఒక పని, ఇంకో పేజీలో ఇంకో పని చేస్తుంటే మనిషి పొరబడతాడు. జెరాక్స్ పార్క్‌లోనే పనిచేసిన ల్యారీ టెస్లర్ ఇలాంటి ‘మోడ్’ల మీద జీవితమంతా పోరాడారు. తన కారు నంబర్ ప్లేటు మీద కూడా ‘నో మోడ్స్’ అని రాయించుకున్నారు. ఆయన పోరాటంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. పేజీ మారినా సేవ్, అన్‌డూ, వెతుకు లాంటి కీలు ఒకే పని చేయాలి. తానిప్పుడు ఏ పేజీలో ఉన్నాడో మనిషికి తెరమీద స్పష్టంగా కనిపించాలి.

‘వెనక్కి’ బటన్ పెడితే ఈ ప్రశ్నలన్నీ ఒక్కసారిగా ముందుకొస్తాయి. మైక్రోసాఫ్ట్ వారి విండోల సరంజామా డబ్ల్యూపీఎఫ్‌లో పేజీకి కీప్‌అలైవ్ అనే గుణం ఉంది. మనం మార్చకపోతే దాని విలువ ‘కాదు’. అంటే వెనక్కి వచ్చినప్పుడు ఫైలు చిరునామా ఇచ్చి తెరిచిన పేజీ మళ్లీ కొత్తగా పుడుతుంది. కొన్ని గళ్ల విలువలను డబ్ల్యూపీఎఫే గుర్తుపెట్టుకుంటుంది, మనం సొంతంగా పెట్టుకున్న చరరాశులు (వేరియబుల్స్) పోతాయి. అందుకే ఇలాంటి ప్రోగ్రాం ఏది రాసినా నేను కోరే పరీక్ష ఇది: ఫారం సగం నింపి, జాబితాను కిందికి జరిపి, వేరే పేజీకి వెళ్లి, కాసేపాగి తిరిగి రావాలి. రాసిన మాటలు, జాబితా ఆగినచోటు, కర్సర్ ఉన్న గడి, ఈ మూడూ ఎలా వదిలితే అలా ఉన్నాయో లేదో చూడాలి. తర్వాత అదే పరీక్షను మౌస్ ముట్టుకోకుండా ఇంకోసారి చేయాలి.