ఎన్‌క్లెక్స్ అపోహలు: "డౌట్ వస్తే అసెస్‌మెంట్ పెట్టేయ్"

అమెరికాలో నర్సు లైసెన్స్ కోసం రాసే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్షకి చదివే మన నర్సుల గ్రూపుల్లో ఒక సూత్రం ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది: "డౌట్ వస్తే అసెస్‌మెంట్ పెట్టేయ్, డాక్టర్‌కి ఫోన్ అనే ఆప్షన్ ఎప్పుడూ తప్పే." అసెస్‌మెంట్ అంటే ఏదైనా చేసేముందు పేషెంట్‌ను ఇంకా పరిశీలించడం. నా క్లాసుకు వచ్చే ప్రతి బ్యాచ్ ఆ సూత్రాన్ని బట్టీ పట్టే వస్తుంది. దీనివల్ల పోయినన్ని మార్కులు ఫార్మకాలజీలో (మందుల సబ్జెక్టులో) కూడా పోవు.

రక్తం ఎక్కించడం మొదలైన కాసేపటికే పేషెంట్‌కు చలి, వణుకు, నడుం నొప్పి. మొదట ఏం చేస్తారు? సగం క్లాసు "వైటల్స్" (బీపీ, పల్స్, శ్వాస, టెంపరేచర్ చూడడం) అంటుంది. అమ్మా, అసెస్‌మెంట్ ప్రశ్నలోనే అయిపోయింది! ఆ లక్షణాలు చూస్తే హీమోలిటిక్ రియాక్షన్, అంటే ఎక్కించిన రక్తం పడక రక్తకణాలు పగిలిపోవడం, అనుకోవాల్సిందే. మీరు బీపీ చూసేలోపు ఇంకొంత రక్తం లోపలికి పోతుంది. ముందు ట్రాన్స్‌ఫ్యూజన్ ఆపాలి. తర్వాత కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టాలి. పాత ట్యూబింగ్‌తోనే సెలైన్ వదిలితే అందులో మిగిలిన రక్తం పేషెంట్‌కే పోతుంది. ఆ తర్వాతే వైటల్స్, డాక్టర్, బ్లడ్ బ్యాంక్. బ్యాగ్ పారేయకూడదు, ట్యూబింగ్‌తో సహా బ్లడ్ బ్యాంక్‌కు పంపాలి.

మెగ్నీషియం సల్ఫేట్ డ్రిప్ నడుస్తున్న ప్రీఎక్లాంప్సియా (గర్భిణుల్లో బీపీ పెరిగే జబ్బు) పేషెంట్‌కు మోకాలి రిఫ్లెక్స్ లేదు, శ్వాస నిమిషానికి 10. మెగ్నీషియం ఎక్కువైందని ఈ లక్షణాలే చెబుతున్నాయి, ఇంకా చూడాల్సింది ఏముంది? డ్రిప్ ఆపి, దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ సిద్ధం చేసుకోవాలి.

ఇలాంటి ప్రశ్నల్లో ఎప్పుడూ వైటల్స్ పెట్టే ఒక ఐసీయూ సిస్టర్‌ని అడిగాను, "మీ వార్డులో రక్తం ఎక్కుతూ పేషెంట్ వణికితే ఏం చేస్తావు?" అని. "క్లాంప్ వేసేస్తాను మేడమ్, అప్పుడు బీపీ చూస్తూ కూర్చుంటామా?" అంది. జవాబు ఆమెకు తెలుసు, సూత్రమే అడ్డుపడింది.

సమాచారం చాలనప్పుడు మాత్రం అసెస్‌మెంటే. ఆపరేషన్ అయిన పేషెంట్ "నొప్పి" అన్నాడంతే. ఎక్కడ, ఎంత అని అడగకుండా మార్ఫిన్ ఇవ్వరు కదా. ఇక ఫోన్ సంగతి. కాలికి సిమెంట్ కట్టు ఉంది, మందు ఇచ్చినా నొప్పి తగ్గడం లేదు, వేళ్లు తిమ్మిరెక్కాయి. ఇది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (లోపల ఒత్తిడి పెరిగి కండరాలకు రక్తం అందకపోవడం) లాగే ఉంది. కట్టు కోయడానికి ఆర్డర్ కావాలి, కాబట్టి ఇక్కడ వెంటనే ఫోన్ చేయడమే సరైన జవాబు.

మిగతా పుకార్లు త్వరగా తేల్చేద్దాం. ఈ పరీక్షలో ఒక్కొక్కరికి 85 నుంచి 150 దాకా ప్రశ్నలు వస్తాయి. "85 ప్రశ్నలకే ఆగిపోతే పాస్": కాదు. పాసో ఫెయిలో కంప్యూటర్‌కు 95 శాతం నమ్మకం కుదిరితే ఆగుతుంది, అంతే. 150 దాకా వెళ్లినా పాసవ్వచ్చు. "సరైనవన్నీ ఎంచుకోమనే ప్రశ్నల్లో అన్నీ టిక్ చేస్తే ఎప్పుడూ తప్పే": అన్నీ సరైనవే కావచ్చు, ఒక్కటే కావచ్చు. కాకపోతే ఆ ప్రశ్నల్లో తప్పు టిక్ సరైనదాని మార్కును తినేస్తుంది, గుడ్డిగా కొట్టకండి. "హైదరాబాద్ సెంటర్లో కష్టమైన పేపర్ ఇస్తారు": అసలు సెంటర్‌కో పేపర్ అంటూ లేదు.

అప్పు చేసి ఫీజు కట్టి, ఒకసారి ఫెయిలై, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక నాకు ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు. మీ టెన్షన్ నాకు తెలుసు. సాధారణంగా 45 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు. ఫెయిలైనవాళ్లకు ఒక రిపోర్ట్ వస్తుంది, ఏ విభాగంలో పాస్ స్థాయికి కింద ఉన్నారో అందులో ఉంటుంది. కొత్త క్వశ్చన్ బ్యాంక్ కొనేముందు అది తీసి చదవండి.