రెండు సిమ్ముల మనిషి

లాల్‌దర్వాజ బోనాల మర్నాడు, సోమవారం, మా బాబాయి కొడుకు జ్వరమని ఆఫీసుకి మెసేజ్ పెట్టాడు. సాయంత్రం ఘటాల ఊరేగింపులో, మొహం నిండా పసుపుతో తీన్‌మార్ ఆడుతున్న వీడియోని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. పావుగంటలో టీమ్ లీడ్ నుంచి ఒకే మాట వచ్చింది: "తగ్గిందా?"

అబద్ధం బయటపడ్డందుకు వాడు పెద్దగా సిగ్గుపడలేదు. "నా పండుగ వీడియో ఆయన ఫోన్ల ఎట్ల కనపడ్డదన్నా?" అన్నదే వాడి బాధ. ఎప్పుడో నైట్ షిఫ్ట్ క్యాబ్ కోసం నంబరు ఇచ్చాడు, అంతే. ఆ 'అంతే' వెనక ఇరవై ఏళ్ల కథ ఉంది.

ఉద్యోగానికో మనిషి, ఇంటికో మనిషి అన్నది ఫోన్లు తెచ్చిపెట్టిన గొడవ కాదు. న్యాయశాఖలో పనిచేసిన భాగవతుల నరసింగరావు, భార్య త్రిపురసుందరమ్మ కథలు రాసింది 'బీనాదేవి' పేరుతో. కోర్టులో ఒక పేరు, పత్రికలో ఇంకొకటి. అప్పట్లో ఎవరూ దాన్ని దొంగాట అనలేదు, కలం పేరు అన్నారు.

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ లేచింది. 2004లో గూగుల్ వాళ్ల సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్ వచ్చింది. అమీర్‌పేటలో కోచింగ్ అయ్యాక నెట్ సెంటర్‌లో కూర్చుని ఒకరి పేజీలో ఒకరు స్క్రాప్‌లు, అంటే చిన్న మెసేజ్‌లు, రాసుకున్న తరానికి ఆఫీసు అక్కడ కనిపించేది కాదు. పేరు చోట అభిమాన హీరో పేరు, ఫొటో చోట బైకు. ఉద్యోగం మొహం వేరేచోట ఉండేది. లింక్డిన్ అంతకుముందే, 2003లో మొదలైంది. రెండు అల్మరాలు, దేని తాళం దానిదే.

ఆ రెండింటికీ మధ్య గోడ తీసింది ఫేస్‌బుక్ అని నా అభిప్రాయం. 2006 సెప్టెంబరులో 13 ఏళ్లు నిండిన అందరికీ తలుపు తెరిచింది, అసలు పేరుతోనే రమ్మంది. మనిషికి రెండు గుర్తింపులు ఉండటం నిజాయితీ లేకపోవడమేనని జుకర్‌బర్గ్ అప్పట్లో అన్నాడు. పాతికేళ్ల కుర్రాడు, అత్తగారి ముందు ఒకలా, బాసు ముందు ఒకలా మాట్లాడాల్సిన అవసరం పడి ఉండదు. 2010లో ఆ కంపెనీ భారత్‌లో తన తొలి ఆఫీసుని హైదరాబాద్‌లోనే పెట్టింది. మరుసటి ఏడాది వచ్చిన గూగుల్ ప్లస్ కూడా అసలు పేర్లే కావాలని పట్టుబట్టి, గొడవలయ్యాక 2014లో ఆ నియమం ఎత్తేసింది.

ఈలోగా మనవాళ్ల ఫ్రెండ్స్ లిస్టులో మేనమామ, పదో తరగతి లెక్కల మాస్టారు, హెచ్‌ఆర్ మేడమ్ వరసగా చేరిపోయారు. కాదనడానికి లేదు. పెళ్లిలో ఎదురుపడి "రిక్వెస్ట్ పెట్టి నెలైంది, చూసుకోలేదా అమ్మా?" అని అడుగుతారు. ఆడపిల్లలు ముందే జాగ్రత్తపడ్డారు. ప్రొఫైల్ ఫొటోగా మందారపువ్వో, చిన్ని కృష్ణుడో. ఫొటోలు ఎవరూ డౌన్‌లోడ్ చేసుకోకుండా ఫేస్‌బుక్ భారత్‌లో 'గార్డ్' తెచ్చేసరికి 2017 వచ్చింది, ప్రొఫైల్‌కి తాళం వేసుకోనిచ్చేసరికి 2020.

పోస్టు పెడితే పోలీసు కేసయ్యే భయం ఇంకోవైపు. 2009లో అమల్లోకి వచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. దాంతో ఆ సెక్షన్ పోయింది గానీ ఉద్యోగం తాలూకు టెన్షన్ పోలేదు. ఐఏఎస్‌లకి 1968 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించకూడదని అందులో ఉంది. పత్రికలు, రేడియో కాలంలో రాసింది, ఇప్పుడు చేతిలో ఫోన్‌కీ వర్తిస్తోంది. తెలంగాణ అధికారి స్మితా సభర్వాల్ 2022లో, గుజరాత్ అల్లర్ల నాటి బిల్కిస్ బానో అత్యాచార కేసు దోషుల విడుదలపై ఒక మహిళగా, సివిల్ సర్వెంట్‌గా నమ్మలేకపోతున్నానని ట్వీట్ చేశారు. ఆ రెండు హోదాలూ ఒకే వాక్యంలో ఉండొచ్చా అని పెద్ద చర్చే నడిచింది. 2025లో కంచ గచ్చిబౌలి భూముల గొడవప్పుడు ఏఐతో చేసిన ఒక బొమ్మని ఆమె మళ్లీ షేర్ చేస్తే పోలీసు నోటీసు వచ్చింది. తను రాసింది కాదు, గీసింది కాదు, వేలితో ఒక్కసారి నొక్కిన షేర్.

ప్రైవేటు కంపెనీలో చేరేవాళ్లు జాయినింగ్ రోజు పెట్టే బొత్తెడు సంతకాల్లో సోషల్ మీడియా పాలసీ కూడా ఒకటుంటుంది. చదివి సంతకం పెట్టినవాణ్ని నేనింకా చూడలేదు.

వాట్సాప్ దగ్గరికొచ్చేసరికి పేరు కూడా అక్కర్లేదు, నంబరే మనిషి. గ్యాస్ బుకింగ్‌కీ, బ్యాంకుకీ, క్యాబ్‌కీ, టీమ్ గ్రూపుకీ అదే నంబరు. 24 గంటల స్టేటస్ 2017లో వచ్చింది. ఎవరికి కనపడకూడదో ఎంచుకునే వీలుంది గానీ, తీన్‌మార్ మధ్యలో సెట్టింగ్స్ ఎవరు వెతుకుతారు? దుకాణాల కోసం బిజినెస్ యాప్ 2018లో వస్తే, ఒకే ఫోన్‌లో ఒకే యాప్‌లో రెండు ఖాతాలు నడుపుకునే సౌకర్యం 2023 అక్టోబరులో ప్రకటించారు. కలం పేరు మళ్లీ వచ్చింది, ఈసారి సిమ్ము రూపంలో.

మావాడూ రెండో సిమ్ కొన్నాడు. కొత్త నంబరు ఆఫీసుకే ఇచ్చాడు. ఒకరోజు చార్జింగ్ అయిపోయి కొలీగ్ ఫోన్ నుంచి ఇంటికి చేసి, "ఇది కలవకపోతే దీనికి చెయ్యి" అని ఆ నంబరు కూడా పిన్నికి చెప్పాడు. ఆమె సేవ్ చేసుకుంది. ఇప్పుడు వాడు కంపెనీ క్వార్టర్ రిజల్ట్స్ స్టేటస్ పెడితే మొదట వచ్చే రిప్లై ఆమెదే: రెండు దండాలు, కింద "అన్నం తిన్నవా బిడ్డా".